జ్యూరీ హక్కు కుదింపు: ఇంగ్లండ్‌లోని తెలుగువాళ్లు ఈ చర్చలో మాట చెల్లేలా మాట్లాడడం ఎలా

2025 డిసెంబర్ 2న బ్రిటన్ న్యాయశాఖ మంత్రి డేవిడ్ లామీ హౌస్ ఆఫ్ కామన్స్‌లో ఒక ప్రకటన చేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పెద్ద నేరాలు వినే క్రౌన్ కోర్టుల్లో, నేరం రుజువైతే మూడేళ్లు లేదా అంతకంటే తక్కువ శిక్ష పడేట్టున్న కేసులకు ఇకమీదట జ్యూరీ (దోషి అవునో కాదో తేల్చే పన్నెండుమంది మామూలు పౌరులు) ఉండదు, జడ్జి ఒక్కరే విని తీర్పు చెబుతారు అన్నది దాని సారాంశం. దాని వెంట ఇంకో మూడు మార్పులున్నాయి. మెజిస్ట్రేట్లు వేయగల జైలుశిక్షను 12 నెలల నుంచి 18 నెలలకు పెంచడం ఒకటి. "నా కేసు జ్యూరీయే వినాలి" అని నిందితుడు కోరుకునే హక్కును తీసేయడం రెండోది. మెజిస్ట్రేట్ తీర్పు మీద నేరుగా అప్పీలుకు వెళ్లే వీలు లేకుండా, ముందు అనుమతి తెచ్చుకోవాలనడం మూడోది.

ఈ చర్చలోకి దిగేవాళ్లు ఎక్కువమంది మొదటి అడుగులోనే తప్పటడుగు వేస్తారు. జ్యూరీ మంచిదా, చెడ్డదా అని మొదలుపెడతారు. పార్లమెంటు ముందున్న ప్రశ్న అది కాదు. ఏ కేసులకు జ్యూరీ పోతుంది, ఆ గీత ఎక్కడ గీస్తున్నారు, గీసేది ఎవరు? ఈ మూడింటి మీద నిలబడి మాట్లాడేవాళ్ల మాటనే ఎంపీ గానీ కమిటీ గానీ పట్టించుకుంటారు. కింద చెప్పేదంతా ఆ మూడు ప్రశ్నలకు జవాబు వెతుక్కోవడం, దొరికిన జవాబును సరైన చోట అందించడం గురించే.

ముందు ఒక సందేహం: మనకెందుకు, మనం మాట్లాడొచ్చా

మాట్లాడొచ్చు. భారతదేశం కామన్వెల్త్ సభ్యదేశం. చెల్లుబాటయ్యే వీసా మీద యూకేలో ఉంటున్న భారత పౌరులు 18 ఏళ్లు నిండితే ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోవచ్చు, పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చు. బ్రిటిష్ పాస్‌పోర్టు అక్కర్లేదు, ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చేదాకా ఆగక్కర్లేదు. జ్యూరీకి పిలిచేది ఆ ఓటర్ల జాబితా నుంచే. వయసు 18 నుంచి 75 లోపు ఉండాలి, 13వ ఏడు దాటాక కనీసం 5 ఏళ్లు ఇక్కడ నివాసం ఉండి ఉండాలి. అంటే హైదరాబాద్ నుంచి చదువుకోసం వచ్చి, ఉద్యోగంలో చేరి, ఆరేళ్లుగా రెడింగ్‌లోనో స్లౌలోనో ఉంటున్న వ్యక్తికి ఏ రోజైనా సమన్లు రావచ్చు. అమెరికాలో ఉన్న చుట్టాలు "సిటిజన్ కాకపోతే జ్యూరీ డ్యూటీ ఉండదు" అంటారు. అది అక్కడి సంగతి.

జ్యూరీలో కూర్చునేదీ మనమే, ఖర్మకాలి బోనెక్కితే ఆ జ్యూరీ ముందు నిలబడేదీ మనమే. అందుకే ఈ విషయంలో మౌనంగా ఉండడం మంచిది కాదు.

మాటలు అవే, అర్థాలు వేరు

మనవాళ్లను ఎక్కువగా బోల్తా కొట్టించే మాట "మెజిస్ట్రేట్". మన దగ్గర మెజిస్ట్రేటంటే లా చదివి, పరీక్ష రాసి, జీతం తీసుకునే న్యాయాధికారి. ఇంగ్లండ్‌లో మెజిస్ట్రేట్లు చాలావరకు మామూలు పౌరులు. జీతం ఉండదు, లా డిగ్రీ అక్కర్లేదు. శిక్షణ తీసుకుని ముగ్గురేసి కూర్చుంటారు, పక్కన చట్టం తెలిసిన సలహాదారు ఉంటారు. కొన్ని కోర్టుల్లో వీళ్ల స్థానంలో జీతం తీసుకునే డిస్ట్రిక్ట్ జడ్జి ఒక్కరే కూర్చుంటారు. క్రిమినల్ కేసుల్లో 90 శాతానికి పైగా ఇప్పటికే ఈ కింది కోర్టుల్లోనే తేలిపోతాయి. జ్యూరీ దాకా వెళ్లి విచారణ జరిగేవి దాదాపు 3 శాతం. కాబట్టి "జ్యూరీ లేకుండా ఎవరినీ శిక్షించకూడదు" అని రాస్తే, ఇక్కడి కోర్టుల సంగతి తెలియదని మొదటి వాక్యంలోనే చెప్పుకున్నట్టవుతుంది.

నేరాలు మూడు రకాలు. చిన్నవి మెజిస్ట్రేట్ కోర్టులోనే తేలతాయి: చాలా రకాల ట్రాఫిక్ నేరాలు, గాయం కాని చేయిచేసుకోవడం లాంటివి. హత్య, మానభంగం, దోపిడీ లాంటి పెద్దవి క్రౌన్ కోర్టుకే వెళ్లాలి. ఈ రెంటికీ నడుమ దొంగతనం, మోసం, ఇళ్లలో చొరబాటు, గాయపరచడం లాంటివి ఎటైనా వెళ్లగలిగే కేసులు. గొడవంతా ఈ నడిమి రకం మీదే. హత్య కేసుకు జ్యూరీ తీసేస్తామని ప్రకటనలో ఎవరూ అనలేదు. అన్నారని వాట్సాప్‌లో కనిపిస్తే ముందుకు పంపకండి.

ఒక కేసు పట్టుకుని నడవండి

ప్రతిపాదనను అర్థం చేసుకోవడానికి మంచి దారి ఒకటుంది. ఒక కేసును ఊహించుకుని, ఇప్పటి పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ మొదటి నుంచి చివరిదాకా నడిపించి చూడండి. ఇదిగో ఒకటి. ఒక విద్యార్థిని కిరాణా దుకాణంలో పార్ట్‌టైమ్ చేస్తోంది. రెండు వారాల్లో గల్లాలో 600 పౌండ్లు తగ్గాయి. యజమాని ఆమె మీద పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ఆమె నేను తీయలేదంటోంది. ఇంతకు ముందు ఏ కేసూ లేదు.

ఇప్పుడైతే మొదటి వాయిదా మెజిస్ట్రేట్ కోర్టులో పడుతుంది. నేరం ఒప్పుకుంటావా అని అడుగుతారు. ఒప్పుకోనంటే, ఈ కేసు మనం వినదగ్గదేనా అని మెజిస్ట్రేట్లు ఆలోచిస్తారు. మేమే వింటాం అన్నాక కూడా ఆమెను అడుగుతారు: ఇక్కడే తేల్చుకుంటావా, క్రౌన్ కోర్టులో జ్యూరీ ముందుకు వెళతావా? ఈ రెండో ప్రశ్నే ఆమె హక్కు. అది అడిగేది ఒక్క నిమిషమే. ఆ నిమిషంలో ఆమె "జ్యూరీ" అంటే పన్నెండుమంది అపరిచితులు ఆమె మాట వింటారు.

కొత్త పద్ధతిలో ఆ రెండో ప్రశ్న ఉండదు. ఎక్కడ వినాలో కోర్టే నిర్ణయిస్తుంది. ఇలాంటి మొదటి నేరానికి పడే శిక్ష 18 నెలలకు ఎంతో దిగువన ఉంటుంది కాబట్టి కేసు మెజిస్ట్రేట్ కోర్టులోనే ఆగిపోతుంది. అంటే "మూడేళ్ల లోపు కేసులు జడ్జి వింటారు" అన్న హెడ్‌లైన్ ఈ అమ్మాయికి వర్తించనే వర్తించదు. ఆమెకు క్రౌన్ కోర్టు గుమ్మమే కనిపించదు. తీర్పు నచ్చకపోతే అప్పీలుకూ అనుమతి కావాలి. మూడు మార్పులూ కలిసి ఒకే మనిషి మీద పడడం అంటే ఇది. విడివిడిగా చదివితే ఇది కనబడదు.

జ్యూరీ ఉంటే ఆమెకు ఒరిగేదేమిటి? చిన్న దుకాణాల్లో ఒకే లాగిన్‌తో ముగ్గురు గల్లా దగ్గర మారి మారి నిలబడడం మామూలే. రసీదు మీద ఆమె పేరున్నా ఆ సమయంలో అక్కడున్నది ఆమేనని ఖాయంగా చెప్పలేం. ఆ పని చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు పన్నెండుమందిలో ఒకరిద్దరైనా ఉండే అవకాశం ఎక్కువ. జడ్జికి సాక్ష్యం చెబితే తెలుస్తుంది, వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇక చేతివాటం కేసులో దోషి అని తేలితే, పడేది జరిమానాయే అయినా, అది ఉద్యోగాలకు అడిగే డీబీఎస్ చెక్‌లో (నేరచరిత్ర తనిఖీలో) వస్తుంది, వీసా దరఖాస్తులో రాయాల్సి ఉంటుంది. ఆమెకు అసలు శిక్ష అక్కడ మొదలవుతుంది.

ఇంకో కోణం కూడా చూడండి. 2007 నాటి యూకే బోర్డర్స్ యాక్ట్ ప్రకారం, 12 నెలలు లేదా అంతకు మించి జైలుశిక్ష పడిన విదేశీయుణ్ని కొన్ని మినహాయింపులు పోను దేశం నుంచి పంపేయాలి. మూడేళ్ల గీత దానికి చాలా పైన ఉంది. అంటే దేశం వదిలిపోవాల్సి వచ్చే కేసులు కూడా జ్యూరీ లేకుండా తేలిపోతాయి. బ్రిటిష్ పౌరుడికి ఏడాది జైలు ఏడాది జైలే. మన పాస్‌పోర్టు ఉన్నవాడికి అదే తీర్పుతో ఉద్యోగం, ఇల్లు, పిల్లల బడి అన్నీ పోతాయి. ఈ మాట ఇక్కడి పెద్ద పెద్ద వ్యాసాల్లో అరుదుగా కనిపిస్తుంది. మనం చెప్పకపోతే ఇంకెవరు చెబుతారు?

అంకెలు పట్టుకునే పద్ధతి

ప్రభుత్వం ఈ మార్పు తేవడానికి చెప్పే కారణం పెండింగ్ కేసులు. 2019 చివర్లో క్రౌన్ కోర్టుల్లో దాదాపు 38 వేల కేసులుండేవి. 2025 జూన్ చివరికి 78 వేలు దాటాయి. ఏమీ చేయకపోతే 2028కి లక్షకు చేరతాయని ప్రభుత్వం అంటోంది. ఈ ఇబ్బంది అబద్ధం కాదు. మానభంగం కేసు పెట్టిన స్త్రీ మూడు నాలుగేళ్లు ఆగి, విసిగి, కేసు వదిలేసుకుంటోంది. దీన్ని కొట్టిపారేస్తూ రాసే ఉత్తరం చదవదగ్గది కాదు.

కానీ పెండింగ్‌కు జ్యూరీ ఎంతవరకు కారణం, జ్యూరీ తీసేస్తే ఎంత తగ్గుతుంది అన్నవి వేరే లెక్కలు. మాజీ న్యాయమూర్తి సర్ బ్రయన్ లెవెసన్ 2025 జూలైలో ఇచ్చిన నివేదిక, జ్యూరీ లేని విచారణకు కనీసం 20 శాతం తక్కువ సమయం పడుతుందని అంచనా కట్టింది. దీన్ని చాలామంది "పెండింగ్ 20 శాతం తగ్గుతుంది" అని చదువుకుంటున్నారు. ఆ రెండూ ఒకటి కావు. లెక్క ఇలా వేయాలి. ఒక కోర్టు 100 రోజులు పనిచేసిందనుకోండి. అందులో జ్యూరీ విచారణలకు పోయినవి 60 రోజులనుకోండి. ఆ 60లో కొత్త పద్ధతిలోకి మారే కేసులవి 15 రోజులనుకోండి. 15లో 20 శాతం మూడు రోజులు. అంటే వందకు మూడు. ఈ 60, 15 అన్నవి లెక్క చూపడానికి తీసుకున్నవే. అసలు అంకెలు ఈ మార్పుల బిల్లుతోపాటు ప్రభుత్వం ఇచ్చే ఇంపాక్ట్ అసెస్‌మెంట్‌లో (ప్రభావాల అంచనా పత్రంలో) వెతికి వాటి స్థానంలో పెట్టుకోండి. కేసులు మెజిస్ట్రేట్ కోర్టుకు తరలిపోవడం వల్ల మిగిలే రోజులు వేరు, వాటిని ఇందులో కలపకండి. అలా కలిపేస్తే జ్యూరీ తీసేయడం వల్ల వచ్చిన లాభం ఎంతో తెలియకుండా పోతుంది.

పోయిన రోజులు ఎక్కడ పోయాయో కూడా అడగండి. 2020లో కోవిడ్ వల్ల కోర్టులు మూతపడ్డాయి. 2022లో క్రిమినల్ బారిస్టర్లు ఫీజుల కోసం సమ్మె చేశారు. అంతకు ముందు డబ్బు మిగల్చడానికి కోర్టులు నడిచే రోజులనే తగ్గించారు. ఇప్పటికీ జైలు నుంచి ముద్దాయిని వేళకు తేకపోవడం, బారిస్టర్ దొరక్కపోవడం, పైకప్పు కారడం, దుబాసీ రాకపోవడం వల్ల విచారణలు వాయిదా పడుతున్నాయి. ఈ చివరిది మనకు నేరుగా తగిలేది. తెలుగు దుబాసీ కోసం ఆగిన కేసు మీకు తెలిసి, అది ముగిసిపోయి ఉంటే, ఏ రోజుకు వాయిదా వేశారో, ఎన్ని నెలలు జరిగిందో రాసిపెట్టుకోండి. జ్యూరీ ఉన్నా లేకపోయినా ఆ నెలలు అలాగే పోయేవి. లెవెసన్ నివేదికలోనే, ఏడాదికి 1 లక్షా 10 వేల చిల్లర ఉన్న క్రౌన్ కోర్టు పనిరోజులను 1 లక్షా 30 వేలకు పెంచాలన్న సూచన ఉంది. ఆ సూచన ఏమైందని అడగడం న్యాయమైన ప్రశ్న.

పెండింగ్ అంకె మారుతూ ఉంటుంది. న్యాయశాఖ మూడు నెలలకోసారి కోర్టుల గణాంకాలు వేస్తుంది. ఉత్తరం పంపే రోజున తాజా అంకె చూసి, ఏ నెలాఖరు నాటిదో దాని పక్కనే రాయండి. ఆరు నెలల కిందటి అంకె రాస్తే ఎంపీ ఆఫీసులో మొదట పట్టుకునేది అదే.

అవతలివాళ్ల వాదన వాళ్లకంటే బాగా తెలియాలి

మార్పు కోరేవాళ్ల వాదనల్లో బలమైనవి ఉన్నాయి. జ్యూరీ కారణాలు చెప్పదు: దోషి, లేదా కాదు, అంతే. జడ్జి అయితే ఎందుకు నమ్మారో, ఎందుకు నమ్మలేదో వివరంగా చెప్పాలి. అది చదివి అప్పీలుకు వెళ్లొచ్చు. కింది కోర్టుల్లో డిస్ట్రిక్ట్ జడ్జి ఒక్కరే రోజూ తీర్పులు చెబుతున్నారు, అక్కడ లేని అన్యాయం ఇక్కడెందుకు వస్తుంది అని అడుగుతారు. నెలల తరబడి నడిచే పెద్ద ఆర్థిక మోసాల కేసుల్లో మామూలు పౌరులను కట్టిపడేయడం తగదంటారు. చివరి మాటలో నిజం ఉందనే మా అభిప్రాయం.

దీనికి ఎదురు నిలిచే ఆధారాల్లో గట్టిది లామీ పేరు మీదే ఉంది. 2017లో ఆయన నాయకత్వాన జరిగిన సమీక్ష, జాతిని బట్టి తీర్పులో తేడా చూపని అరుదైన చోటు జ్యూరీ అని తేల్చింది. 2020లో, కోవిడ్ వేళ ఇదే ఆలోచన వచ్చినప్పుడు, జ్యూరీ లేని విచారణలు వద్దని ఆయనే అన్నారు. మంత్రిని మాట మార్చారని నిలదీసే దానికన్నా ఆ సమీక్షలో తేలిన విషయాన్ని ముందు పెట్టడం మేలు. మనిషిని తిట్టిన ఉత్తరానికి జవాబు రాదు, ఆధారం చూపించిన ఉత్తరానికి ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

ఇంకో సంగతి చాలామంది చూడడం లేదు. లెవెసన్ చెప్పింది, లామీ ప్రకటించింది ఒకటి కాదు. నడిమి రకం కేసులకు లెవెసన్ సూచించిన బెంచిలో జడ్జితోపాటు ఇద్దరు మెజిస్ట్రేట్లు, అంటే ఇద్దరు మామూలు పౌరులు కూర్చుంటారు. ప్రభుత్వం ఆ ఇద్దరినీ తీసేసి జడ్జిని ఒక్కరినే ఉంచింది. "ఆ ఇద్దరిని ఎందుకు తీసేశారు? వాళ్లను ఉంచితే ఎన్ని రోజులు అదనంగా పోతాయి?" ఈ ప్రశ్న ఒక్కటే పెట్టుకుని వెళ్లినా మీరు సిద్ధపడి వచ్చారని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది.

మా మాట దాచుకోం. తగ్గించదలచుకుంటే తగ్గించగల చోట్లు ఉన్నాయి. నిందితుడు తనే వద్దనుకుంటే జ్యూరీ లేకుండా వినడం అందులో ఒకటి. కానీ కోరుకునే హక్కును అతని చేతిలోంచి తీసేయడం తప్పు. గీత ఎక్కడ గీసినా ఆ హక్కు మిగిలి ఉండాలి.

దొర్లే పోలికలు

నానావతి కేసు. మనవాళ్లు ఎక్కడ కూర్చున్నా ఇది వస్తుంది. భార్య ప్రియుణ్ని కాల్చి చంపాడన్న కేసులో నావికాదళ అధికారి నానావతిని 1959లో బొంబాయి జ్యూరీ 8-1తో నిర్దోషి అంది, సెషన్స్ జడ్జి ఒప్పుకోక కేసును హైకోర్టుకు పంపారు, హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961 నవంబర్‌లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఇంతవరకు నిజం. "ఆ కేసు వల్లే ఇండియాలో జ్యూరీ పోయింది, అదే చివరి జ్యూరీ కేసు" అన్నది నిజం కాదు. అంతకు ముందే 1958లో లా కమిషన్ తన 14వ నివేదికలో జ్యూరీని రద్దు చేయమంది. ఆ తర్వాత కూడా కొన్నిచోట్ల జ్యూరీ విచారణలు నడిచాయి, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో అవి పూర్తిగా ఆగాయి. పైగా మన పాత జ్యూరీ మాట నచ్చకపోతే జడ్జి హైకోర్టుకు పంపేయగలిగేవాడు. ఇంగ్లండ్‌లో జ్యూరీ నిర్దోషి అంటే మామూలుగా అక్కడితో ఆఖరు. 1670లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖకు చెందిన పెన్, మీడ్‌లను దోషులనలేదని జ్యూరీ సభ్యులను తిండీ నీళ్లూ లేకుండా బంధించారు. బుషెల్ అనే సభ్యుడు పై కోర్టులో పోరాడి గెలిచాడు. తీర్పు చెప్పినందుకు జ్యూరీని శిక్షించకూడదన్నది అక్కడి నుంచి నిలబడింది. ఈ రెండు రకాల జ్యూరీలను ఒకే గాటన కట్టకూడదు.

"ఇండియాలో జ్యూరీ లేదు కదా, బాగానే ఉంది" అనేవాళ్లకు ఒక్క అంకె చాలు. అన్ని కోర్టులూ కలిపి 5 కోట్ల పైచిలుకు కేసులు పెండింగ్‌లో ఉన్నాయి. ఇండియాలో ఆలస్యానికి వేరే కారణాలున్నాయి, అది వేరే కథ. జ్యూరీ లేకపోతే కేసులు వాటంతటవే కదులుతాయన్న మాట మాత్రం నిలవదు.

కెనడా పేరు కూడా ఎక్కువగా వినిపిస్తుంది. అక్కడ చాలా కేసులు జడ్జి ఒక్కరే వింటారన్నది నిజమే. కానీ ఐదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరాల్లో జ్యూరీ కోరుకునే హక్కు నిందితుడికి రాజ్యాంగంలోనే ఉంది. జ్యూరీ వద్దనుకునేది అతనే. న్యూజిలాండ్‌లోనూ గీత గీశారు, అయితే గరిష్ఠ శిక్ష రెండేళ్లు లేదా అంతకు మించిన నేరాలకు ఎంచుకునే హక్కు ఉంచారు. "గరిష్ఠంగా పడగల శిక్ష" వేరు, "ఈ కేసులో పడేట్టున్న శిక్ష" వేరు. మొదటిది చట్టంలో రాసి ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. రెండోది విచారణ మొదలుకాకముందే ఒకరు అంచనా కట్టాలి. ఇంగ్లండ్ ప్రతిపాదన రెండోదాని మీద నిలబడింది. విచారణ నడుమ కొత్త సాక్ష్యం బయటపడి, కేసు అనుకున్నదానికన్నా పెద్దదని తేలితే ఏం చేస్తారు? ఆ జవాబు బిల్లులో ఎక్కడుందో చూడండి.

బిల్లు చదివేటప్పుడు

మొత్తం చదవక్కర్లేదు. పార్లమెంటు వెబ్‌సైట్‌లో బిల్లు పేజీ తెరిచి తాజా ప్రతి దించుకోండి. సవరణలు పడే కొద్దీ సెక్షన్ నంబర్లు మారిపోతాయి కాబట్టి ఏ తేదీ ప్రతి చూశారో రాసుకోండి. మొదట ఎక్స్‌ప్లనేటరీ నోట్స్ చదవండి, ఏ సెక్షన్ ఏం చేస్తుందో మామూలు ఇంగ్లీషులో ఉంటుంది. తర్వాత నాలుగు చోట్లు వెతకండి. శిక్ష అంచనా కట్టేది ఎవరు, ఆ నిర్ణయం మీద అప్పీలు ఉందా? కేసు మధ్యలో తిరిగి జ్యూరీకి పంపే దారి ఉందా? ఇప్పటికే క్యూలో ఉన్న కేసులకు ఇది వర్తిస్తుందా, లేక కొత్తవాటికేనా? నాలుగోది మరీ ముఖ్యం: ఆ మూడేళ్ల అంకెను రేపు మంత్రి ఉత్తర్వుతో మార్చే అధికారం ఎక్కడైనా పెట్టారా? "రెగ్యులేషన్స్", "అమెండ్" అన్న మాటలు వెతికితే దొరుకుతుంది. అలాంటి అధికారం ఉంటే, ఈ రోజు మూడేళ్లన్నది రేపు ఐదేళ్లు కావడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

ఈ చట్టసభలో ఇలాంటివి ముందూ వచ్చాయి. జ్యూరీ కోరుకునే హక్కు తీసేయాలన్న బిల్లులను పార్లమెంటు ఎగువసభ హౌస్ ఆఫ్ లార్డ్స్ 2000లో రెండుసార్లు తిప్పికొట్టింది. 2003 క్రిమినల్ జస్టిస్ యాక్ట్‌లో పెద్ద మోసాల కేసులకు జ్యూరీ వద్దన్న సెక్షన్ పాసైంది, ఎన్నడూ అమలు కాలేదు, 2012లో రద్దయింది. కాబట్టి ప్రకటన రాగానే అయిపోయిందని చేతులెత్తేయక్కర్లేదు. లేబర్ పార్టీ 2024 మేనిఫెస్టోలో జ్యూరీ కుదింపు మాట లేదు. మేనిఫెస్టోలో లేనిదాన్ని లార్డ్స్ గట్టిగా ప్రశ్నించవచ్చు.

ఎంపీకి ఉత్తరం

ఒక పేజీ, 300 పదాలు దాటకుండా, ఇంగ్లీషులో. పైన మీ పూర్తి చిరునామా, పోస్ట్‌కోడ్ తప్పక ఉండాలి. ఎంపీలు తమ నియోజకవర్గం వాళ్లకే జవాబిస్తారు, పోస్ట్‌కోడ్ లేని ఈమెయిల్ పక్కకు పోతుంది. అసోసియేషన్ తయారుచేసిన నమూనాను అలాగే అతికించి పంపితే, రెండొందల మంది పంపినా అక్కడ ఒకటిగానే లెక్క. విషయం ఒకటే అయినా మాటలు మీవై ఉండాలి.

మొదటి రెండు వాక్యాల్లో మీరెవరో, ఎన్నేళ్లుగా అక్కడ ఉంటున్నారో, ఏ అంశం మీద రాస్తున్నారో చెప్పండి. తర్వాత పేరాలో ఒకే ఒక్క వాదన. రెండు పెడితే ఆఫీసువాళ్లు తేలికైనదానికి జవాబిచ్చి అసలుదాన్ని వదిలేస్తారు. చివర్లో ఒక ప్రశ్న. తెలుగులో దాని సారం ఇలా ఉండొచ్చు: "12 నెలల శిక్ష పడితే నన్ను దేశం నుంచి పంపేయగలరు. అలాంటి కేసులో జ్యూరీ కోరుకునే వీలు నాకు ఉండాలా, వద్దా? ఉండాలని మీరు అనుకుంటే ఆ మేరకు సవరణకు ఓటు వేస్తారా?" అవునో కాదో చెప్పక తప్పని ప్రశ్న ఇది. "ఈ అంశాన్ని పరిశీలించగలరు" అని ముగిస్తే పరిశీలిస్తామన్న జవాబే వస్తుంది.

ఎంపీ మంత్రికి పంపి, మంత్రి జవాబును మీకు పంపితే అక్కడితో ఆగకండి. ఆ జవాబులో మీ ప్రశ్న ఎక్కడ తప్పించుకున్నారో ఒక్క వాక్యంలో చూపి మళ్లీ రాయండి. లేదంటే శుక్ర, శనివారాల్లో ఎంపీ సర్జరీకి (నియోజకవర్గం వాళ్లను ఎంపీ నేరుగా కలిసే వేళకు) టైమ్ అడిగి వెళ్లండి. పది నిమిషాలు దొరుకుతుంది.

కమిటీకి రాతపూర్వక సాక్ష్యం

బిల్లు పబ్లిక్ బిల్ కమిటీకి (దాన్ని సెక్షన్ల వారీగా పరిశీలించే ఎంపీల కమిటీకి) వెళ్లినప్పుడు ఎవరైనా సాక్ష్యం పంపవచ్చు. 3,000 పదాలు మించకూడదు. మొదట క్లుప్తంగా సారాంశం, ఆపైన నంబర్లు వేసిన పేరాలు, ఏ సెక్షన్ గురించో స్పష్టంగా. మీరు ఎవరు, ఎందుకు రాస్తున్నారో ఒక పేరా. దాన్ని ముందే ఫేస్‌బుక్‌లోనో అసోసియేషన్ పత్రికలోనో వేసేస్తే కమిటీ తీసుకోకపోవచ్చు, అందుకే ముందు పంపి తర్వాత వేయండి. గడువు ఫలానా తేదీ అని ఉన్నా కమిటీ పని ముందే ముగించేయవచ్చు, అప్పుడు ఆలస్యంగా వచ్చినవి పోతాయి. రెండో రీడింగ్ (బిల్లు మీద సభలో జరిగే మొదటి పెద్ద చర్చ) అయిన వారంలోనే పంపడం క్షేమం.

కోర్టులో నడుస్తున్న ఏ కేసు గురించీ ఇందులో రాయకూడదు. ఉత్తరానికీ, వాట్సాప్ గ్రూపుకూ కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. మన ఊరి కుర్రాడి కేసు విచారణలో ఉండగా "వాడు నిర్దోషి, ఇదిగో రుజువు" అని గ్రూపుల్లో తిప్పితే కోర్టు ధిక్కారం కిందికి రావచ్చు, ఆ విచారణే ఆగిపోవచ్చు, నష్టం ఆ కుర్రాడికే.

పిటిషన్ల విషయం రెండు ముక్కల్లో: పార్లమెంటు సైట్‌లో పెట్టే పిటిషన్‌పై బ్రిటిష్ పౌరులే కాక యూకేలో ఉండేవాళ్లెవరైనా సంతకం చేయొచ్చు. 10 వేల సంతకాలకు ప్రభుత్వం జవాబివ్వాలి, లక్షకు చర్చకు పరిశీలిస్తారు. బయటి సైట్లలో పెట్టే పిటిషన్లకు ఈ లెక్కలేవీ వర్తించవు.

సంఘం హాల్లో ఒక సాయంత్రం

మాట్లాడుకోవడానికి గంటన్నర చాలు, కానీ ఉపన్యాసాలతో మొదలుపెట్టకండి. పైన చెప్పిన గల్లా కేసునే ఒక పేజీలో రాసి అందరికీ ఇవ్వండి. పది నిమిషాలు చదవనివ్వండి. ఒకరిని జడ్జిగా పక్కన కూర్చోబెట్టి తీర్పు, కారణాలు కాగితం మీద రాయించండి. చీట్లు తీసి పన్నెండుమందిని ఎంచండి. మాట మొదలుకాకముందే ఆ పన్నెండుమంది తలా ఒక చీటీ మీద తమ అభిప్రాయం రాసి మడిచి డబ్బాలో వేయాలి. ఈ మెట్టు దాటవేస్తే ఆట చెడిపోతుంది: పెద్దాయన నోరు తెరవగానే మిగతావాళ్లు "అవునండీ" అంటారు. తర్వాత అరగంట చర్చ, మళ్లీ చీటీలు. రెండు విడతలూ, జడ్జి కాగితమూ పక్కపక్కన పెట్టి ఎవరు ఏ మాటకు మనసు మార్చుకున్నారో అడగండి. మిగిలిన సమయం ప్రతిపాదన మీద మాట్లాడుకోండి. ఒక్క సాయంత్రంతో జ్యూరీ గొప్పదనో కాదనో రుజువు కాదు, ఆ ఫలితాన్ని ఉత్తరంలో రాయకండి. మనుషులు ఎక్కడ తడబడతారో చూడడానికే ఇది.

అసలు కోర్టులో ముందు పన్నెండుమందీ ఏకాభిప్రాయానికే ప్రయత్నించాలి. కనీసం 2 గంటల 10 నిమిషాలు గడిచాకే జడ్జి 10-2 తీర్పుకు ఒప్పుకోగలరు.

సమన్లు మీకే వస్తే

7 రోజుల్లో జవాబు పంపాలి. పట్టించుకోకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. ఇండియా టికెట్లు కొనుక్కుని ఉంటే, కారణం చెప్పి ఒక్కసారి వాయిదా అడగవచ్చు, 12 నెలల్లోపు వెళ్లాలి. మామూలుగా 10 పనిదినాలు. కోర్టు గదిలో ఒక్కొక్కరి పేరు పిలిచి ప్రమాణం చేయిస్తారు. భగవద్గీత, బైబిల్, ఖురాన్ లాంటివి అడిగి తీసుకోవచ్చు, ఏదీ వద్దంటే మామూలు ప్రతిజ్ఞ చాలు. ఇంగ్లీషు సాక్ష్యం అర్థం చేసుకోవడం కష్టమనిపిస్తే మొదటి రోజే చెప్పండి, మొహమాటపడి కూర్చుంటే ఒకరి జీవితం మీద పడుతుంది.

తలుపు మూసుకున్నాక గదిలో ఎవరు ఏమన్నారు, ఎవరు ఎటు ఓటు వేశారు అన్నది కేసు ముగిశాక కూడా ఇంట్లో సైతం చెప్పకూడదు. చెబితే రెండేళ్ల దాకా జైలు. "మా జ్యూరీలో ఏం జరిగిందో చెబితే ఎంపీకి అర్థమవుతుంది" అన్న ఆలోచన రానివ్వకండి, ఉద్దేశం ఎంత మంచిదైనా అది నేరమే. కానీ బహిరంగ కోర్టులో అందరి ముందూ జరిగినది విచారణ ముగిశాక చెప్పుకోవచ్చు. ఉదయం 10కి రమ్మని మధ్యాహ్నం 2 దాకా కూర్చోబెట్టారా, ముద్దాయి వ్యాను రాలేదని జడ్జి చెప్పారా, ఎన్ని రోజులకు ఎన్ని గంటలు నిజంగా సాక్ష్యం నడిచింది? ఇంటికొచ్చాక తేదీలు, గంటలు వేసి అర పేజీ రాసుకోండి. గంటలు ఎక్కడ పోతున్నాయన్న ప్రశ్నకు ఎంపీ దగ్గర మీ చేతిలో ఉండాల్సిన కాగితం అదే.